ఒక పేరుకు ఒకే బొమ్మ: ఆన్‌లైన్ దుకాణం ఫోటోలు, క్యాషింగ్ ప్రాక్సీ

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం ఉదయం చిన్న వ్యాపారులు, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ విని రాసి పెడుతున్నాం.

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, ఇటు రెండు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

కంప్యూటర్ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఈ బొమ్మ చూడండి. చేతిలోకి తీసుకుని, చూసి, పక్కవాళ్లకు అందించండి. ఏటికొప్పాక బొమ్మ. మనకు దూరమేం కాదు, యలమంచిలి దాటాక. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, ఆ వేడికి కరిగే లక్కను రంగుతో కలిపి పట్టిస్తారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేలితో రాసి చూడండి, ఎక్కడైనా గరుకు తగులుతుందా? తగలదు. ఆ పసుపు రంగు చూశారా? పసుపు కొమ్ము నుంచి వచ్చిన రంగు అది. ఇలా చేత్తో పట్టుకుంటే కొనాలో వద్దో అరనిమిషంలో తేలిపోతుంది.

మరి ఇదే బొమ్మను ఫోన్‌లో చూసే మనిషికి ఏముంది? తాకడానికి లేదు, వాసన లేదు, బరువు తెలియదు. ఉన్నది ఒక్క ఫోటో. మన భాషలో రెండింటికీ ఒకటే మాట, చూశారా? ఇదీ బొమ్మే, దాని ఫోటో కూడా బొమ్మే. ఆన్‌లైన్ దుకాణంలో పార్సిల్ ఇంటికి చేరేదాకా సరుకంటే ఆ ఫోటోయే. ఆ ఫోటో రాకపోతే మీ దుకాణంలో సరుకు లేనట్టే. ఆలస్యంగా వస్తే షట్టర్ సగం దించినట్టే. అందుకే ఈ ఫోటోల సంగతి నేను ఇంత పట్టించుకుంటాను.

నేను చూసుకునే ఒక సైటులో జరిగింది చెబుతాను. పేరు వద్దు. చెక్క బొమ్మలు, చేనేత చీరలు అమ్మే చిన్న దుకాణం. సంక్రాంతి ముందు. మన వైపు బొమ్మల కొలువు సంక్రాంతికే కదా ఎక్కువ మంది పెడతారు. ఆ దుకాణం లింకు ఎవరో వాట్సాప్‌లో పంపారు, వాళ్లు ఇంకో పదిమందికి పంపారు. సాయంత్రం ఏడింటికి నాకు ఫోన్. "బాబూ, సైటు తెరుచుకోవట్లేదు, కొందామని వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోతున్నారు." యజమాని గారి గొంతులో ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే. ఏడాదంతా ఎదురుచూసిన గిరాకీ ఆ వారం రోజులదే.

సర్వర్‌లోకి వెళ్లి లాగ్, అంటే ఎవరు ఏమడిగారో రాసి ఉండే చిట్టా, చూశాను. ఏముంది అందులో? ఒక పేజీ తెరిస్తే నలభై ఫోటోలు. ఒక్కో ఫోటో ఫోన్‌తో తీసింది, నాలుగైదు ఎంబీలు. దాన్ని చిన్నది చేసి చూపించే పని సైటును నడిపే పీహెచ్‌పీ ప్రోగ్రామ్ చేస్తోంది. ఎప్పుడెప్పుడు చేస్తోంది? ఎవరు అడిగితే అప్పుడు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. ఒకే ఫోటోని, అదే కొలతకి, మళ్లీ మళ్లీ, మళ్లీ మళ్లీ. రెండొందల మంది ఒక్కసారి పేజీ తెరిస్తే ఎనిమిది వేల ఫోటోలు కత్తిరించాలి. సర్వర్ చూస్తే రెండు జీబీల మెమరీ. అదేం చేస్తుంది పాపం?

ఇందులో అసలు బాధ ఎక్కడుందో గమనించండి. ఫోటోలు కత్తిరించే ప్రోగ్రామే ఆర్డర్లు కూడా తీసుకుంటోంది. పూర్ణా మార్కెట్లో ఒక కొట్టు ఉందనుకోండి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషే, ప్రతి బేరానికీ లేచి, గోడౌన్‌కి వెళ్లి, బస్తా విప్పి, దోసెడు శాంపిల్ తెచ్చి చూపించాలి. పక్కన ఒకాయన డబ్బులు చేత్తో పట్టుకుని నిలబడే ఉన్నాడు, తీసుకునే నాథుడు లేడు. మా సైటులో ఆ సాయంత్రం సరిగ్గా అదే జరిగింది. డబ్బు కట్టే పేజీ తెరుచుకోలేదు.

ఆ కొట్టువాడు ఏం చెయ్యాలి? చెప్పండి. అవును తమ్ముడూ, అంతే. శాంపిళ్లు ముందే తెచ్చి, ముందు వరసలో గిన్నెల్లో పెట్టి, అక్కడ ఒక కుర్రాణ్ణి నిలబెట్టాలి. గిన్నెలో ఉన్నది కుర్రాడే చూపిస్తాడు. లేనిది ఒక్కసారి గోడౌన్ నుంచి తెచ్చి, చూపించి, మిగిలింది గిన్నెలో ఉంచుతాడు. గల్లా దగ్గర మనిషి కదలడు. క్యాషింగ్ ప్రాక్సీ అంటే ఆ కుర్రాడే. గిన్నెలో దొరికితే దాన్ని హిట్ అంటారు, దొరక్కపోతే మిస్. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి, చివర్లో వీటితో పని ఉంది.

ఇదేం కొత్త విద్య కాదు. స్క్విడ్ అనే ప్రాక్సీ 1996 నుంచి ఉంది. పాల్ హెనింగ్ కాంప్ రాసిన వార్నిష్ అనే ఇంకో ప్రాక్సీ 2006లో వచ్చింది. ఇగోర్ సిసోయెవ్ రాసిన ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ 2004లో బయటికి వచ్చింది, అదీ ఈ పని చేయగలదు. మీలో చాలామంది సర్వర్లలో ఎన్‌జింక్స్ ఇప్పటికే నడుస్తూ ఉంటుంది, దానికి ఈ పని అప్పజెప్పి ఉండరు అంతే. కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. ఆ రాత్రి నేను చేసింది కూడా అదే. డిస్క్ మీద ఒక ఫోల్డర్ చూపించాను, అదే మన గిన్నె, దాన్నే క్యాష్ అంటారు. ఫోటోల దారికి, అంటే ఫోటోల అడ్రస్‌లకు, మాత్రమే క్యాష్ పెట్టాను. పావుగంటలో సైటు లేచి కూర్చుంది.

అయితే పావుగంటలో పెట్టినదాన్ని సరిగ్గా అర్థం చేసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. ఆ నెలల్లో తెలిసినవే మీకు చెప్పాలని వచ్చాను.

మొదటిది, మర్నాడు పొద్దున్నే ఎదురైంది. రాత్రి పడుకునేముందు చూస్తే అన్నీ హిట్‌లు. తెల్లవారి చూస్తే అన్నీ మిస్‌లు! ఫోటోలు ముప్ఫై రోజులు ఉంచమని రాశాను కదా, ఏమైపోయాయి? ఎన్‌జింక్స్‌లో 'ఇనాక్టివ్' అని ఇంకో లెక్క ఉంది. ఎవరూ అడగని వస్తువును ఎంతసేపు ఉంచాలి అనేది. మనం ఏమీ రాయకపోతే అది 10 నిమిషాలు. వస్తువు తాజాగా ఉందా లేదా అని చూడదు. పది నిమిషాలు ఎవరూ అడగలేదా, తీసి పారేస్తుంది. పెద్ద సైటుకి ఫరవాలేదు, ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మనలాంటి చిన్న దుకాణానికి రాత్రి రెండింటికి ఎవరు వస్తారు? అందుకని ఇనాక్టివ్ కూడా ముప్ఫై రోజులు అని విడిగా రాయాలి. విడిగా రాయాలి, మరిచిపోకండి. ఆ పక్కనే పేర్ల పట్టీకి మెమరీ ఎంత కావాలో కూడా రాయమంటుంది. దానికి భయపడకండి. ఒక ఎంబీలో సుమారు 8,000 పేర్లు పడతాయి. మన దుకాణానికి పది ఎంబీలు ఇస్తే చాలా ఎక్కువ.

రెండోది. గిన్నె ఖాళీగా ఉన్న క్షణంలోనే యాభై మంది ఒకే బొమ్మ అడిగారనుకోండి. కుర్రాడు యాభై సార్లు గోడౌన్‌కి పరిగెత్తుతాడా? ఊరుకుంటే పరిగెత్తుతాడు! వాట్సాప్ లింకు పాకినప్పుడు అచ్చంగా ఇలాగే వస్తారు జనం, అందరూ ఒకే బొమ్మ కోసం. దానికి క్యాష్ లాక్ ఉంది. ఒక్కరి కోసం తెస్తున్నప్పుడు మిగతా నలభై తొమ్మిది మందిని కాస్త ఆగమంటుంది, తెచ్చాక అందరికీ ఇస్తుంది. ఒక్క లైను. దాని పక్కనే ఇంకో లైను ఉంది, వెనకాల ప్రోగ్రామ్ పడిపోతే గడువు దాటిన పాత కాపీనే ఇవ్వమని చెప్పేది. హుద్‌హుద్ చూసిన ఊరు మనది. 2014 అక్టోబరు 12 తర్వాత ఈ ఊళ్లో ఏదీ ఎప్పుడూ పడిపోదు అని ఎవరైనా అనగలరా? వెనకాలది పడినా ముందున్నది నిలబడాలి. ఫోటోకి గడువు దాటితే కొంప మునగదు, పాలూ కాదు, పెరుగూ కాదు.

మూడోది కుకీల సంగతి. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే కష్టం మనకు కాదు, మన దగ్గర కొనడానికి వచ్చినవాళ్లకు.

అన్నీ సరిగ్గా రాసినా కొందరికి ఒక్క హిట్ కూడా రాదు. ఎందుకు? వాళ్ల ప్రోగ్రామ్ ప్రతి జవాబుతోనూ, ఫోటోతో కూడా, ఒక కుకీ పంపుతుంది. కుకీ అంటే ఈ మనిషి ఫలానా అని గుర్తుపట్టడానికి ఇచ్చే టోకెన్. టోకెన్ కట్టి ఉన్న వస్తువును ఎన్‌జింక్స్ దాచుకోదు. అది చేస్తున్నది న్యాయమే. ఒకరి టోకెన్ ఇంకొకరికి ఇవ్వకూడదు కదా? అప్పుడు మనవాళ్లు ఏం చేస్తారంటే, ఎక్కడో చూసి, కుకీని పట్టించుకోవద్దు అని ఒక లైను రాస్తారు. సైటు మొత్తానికి రాస్తారు. హిట్‌లు బ్రహ్మాండంగా వస్తాయి. దాంతోపాటు ఏం వస్తుంది? మొదట వచ్చినావిడ టోకెన్ గిన్నెలో చేరి, తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరి చేతికీ వెళ్తుంది. ఆవిడ ఇంటి చిరునామా, ఆవిడ ఆర్డర్లు ముక్కూమొహం తెలియని వాళ్లకు కనబడతాయి.

ఇలా ఎక్కడ జరుగుతుంది అనుకోకండి. 2015 క్రిస్మస్ రోజున స్టీమ్ అనే పెద్ద గేమ్స్ దుకాణంలో క్యాష్ అమరికలో పొరపాటు వల్ల ఒకరి పేజీలు ఇంకొకరికి కనబడ్డాయి. సుమారు 34,000 మంది వివరాలు అలా బయటపడి ఉండవచ్చని ఆ కంపెనీయే చెప్పింది. అంత పెద్దవాళ్లకే తప్పలేదు. అందుకని నా మాట ఒకటే. ఫోటోల దారి వేరు చెయ్యండి. ఆ దారికి మాత్రమే క్యాష్ పెట్టండి. ఆ దారిలో కుకీని పట్టించుకోవద్దు అని రాస్తే, బయటికి పంపవద్దు అని కూడా రాయండి. రెండూ రాయాలి. ఒకటి రాసి ఇంకోటి వదిలేస్తే, ఇందాక చెప్పిన టోకెన్ కథే. బిల్లులు, ఆధార్ కాపీలు, కొన్నవాళ్లు అప్‌లోడ్ చేసిన ఫోటోలు ఈ దారిలో అసలు ఉండకూడదు. వాటి మీద 'నో స్టోర్', అంటే దాచుకోవద్దు, అనే ముద్ర ఉండాలి.

మాస్టారు చెయ్యి ఎత్తారు. చెప్పండి మాస్టారూ. ఫోటో మార్చినప్పుడు పాతది ఎలా పోతుంది అంటున్నారు. మంచి ప్రశ్న వేశారు. నేను ఈవేళ ఇక్కడికి వచ్చిందే ఆ ఒక్క విషయం చెప్పడానికి.

అదే దుకాణంలో ఒక కుంకుమ భరిణె ఉండేది. ఎర్రది. దాని ఫైలు పేరు 'భరిణె ఒకటి'. కొన్నాళ్లకు ఎర్రవి అయిపోయాయి, కొత్తగా పసుపు రంగువి వచ్చాయి. ఆఫీసులో అమ్మాయి పసుపు భరిణెకు ఫోటో తీసి, అదే పేరుతో, పాతదాని మీద పెట్టింది. తన ఫోన్‌లో చూసుకుంది, పసుపే కనబడింది, సరిపోయింది అనుకుంది. పది రోజులకు శ్రీకాకుళం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "అమ్మా, నేను ఎర్రది చూసి కొన్నాను, పసుపుది పంపారు. ఇప్పుడు చూసినా నా ఫోన్‌లో ఎర్రదే ఉంది." ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ ఫోన్‌లో నిజంగా ఎర్రదే ఉంది. పార్సిల్ వెనక్కి వచ్చింది. ఆ భరిణె చేసిన పెద్దాయనకు ఈ సంగతి తెలిసి, "నా రంగు నచ్చలేదా బాబూ?" అని అడిగారు. ఆయనకు నేనేం చెప్పగలను? ఆయన రంగులో లోపం లేదు. లోపం నేను పెట్టిన పద్ధతిలో ఉంది.

ఏం జరిగిందో చూడండి. మన ప్రాక్సీలో ఉన్న పాత కాపీని మనం తీసేయగలం, అది మన చేతిలో ఉంది. కానీ ఆవిడ ఫోన్‌లో బ్రౌజర్ కూడా ఒక కాపీ దాచుకుంది. దాచుకోమని మనమే చెప్పాం, ముప్ఫై రోజులు అని. పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకోగలమా? ఇదీ అంతే. వెయ్యి మంది ఫోన్లలోకి వెళ్లిపోయిన కాపీని వెనక్కి పిలిచే దారి లేదు. కొందరు ఏం చేస్తారంటే, భయపడి గడువు ఐదు నిమిషాలకు తగ్గించేస్తారు. అప్పుడు బ్రౌజర్ మాటిమాటికీ వచ్చి, మారిందా అని అడిగి, మారలేదు అని 304 జవాబు తీసుకుని వెళ్తుంటుంది. ఫోటోను మళ్లీ మోసే బరువు తగ్గుతుంది నిజమే, రాకపోకలు తగ్గవు. నలభై ఫోటోలకు నలభై సార్లు అడగాలి.

మరి దారి ఏమిటి? ఒక పేరుకు ఒకే బొమ్మ. ఇంతే. ఒకసారి ఒక పేరుతో బయటికి వెళ్లిన ఫోటో ఆ పేరుతో ఎప్పటికీ మారకూడదు. ఫోటో మారిందా, పేరు మారాలి. ఇది మనుషులకు అప్పజెప్తే ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతారు, పాపం ఆ అమ్మాయి మరిచిపోయినట్టు. ప్రోగ్రామ్‌కే అప్పజెప్పాలి. ఫోటోలోని సమాచారం అంతటినీ లెక్కగట్టి ఒక చిన్న ముద్ర తీసే పద్ధతి ఉంది, హ్యాష్ అంటారు, విద్యార్థులకు తెలుసు. ఫోటోలో ఒక్క చుక్క మారినా ముద్ర మారిపోతుంది. ఆ ముద్రను ఫైలు పేరులోనే కలిపేయాలి. అప్పుడు ఎర్ర భరిణె పేరు వేరు, పసుపు భరిణె పేరు వేరు. పేజీలో కొత్త పేరు రాసి ఉంటుంది కాబట్టి, ఫోన్ దాన్ని కొత్త వస్తువుగానే చూసి తెచ్చుకుంటుంది. పాతది ఎక్కడ దాగి ఉన్నా ఎవరికీ నష్టం లేదు.

ఇలా చేశాక ఎంత ధైర్యం వస్తుందో చూడండి. గడువు ఏడాది రాసెయ్యొచ్చు. 3,15,36,000 సెకన్లు! పైగా 'ఇమ్మ్యూటబుల్' అనే మాట చేర్చొచ్చు, ఇది ఎన్నటికీ మారదు, మళ్లీ అడగొద్దు అని. 2017లో ప్రమాణాల్లో చేరిన మాట అది. అన్ని బ్రౌజర్లూ దాన్ని పాటించవు, పాటించకపోయినా నష్టం లేదు. గడువు తక్కువ ఉండాల్సింది పేజీకి మాత్రమే, ఎందుకంటే ధర మారేదీ స్టాకు మారేదీ అక్కడే. మాస్టారూ, మీ ప్రశ్నకు జవాబు ఇది. పాత ఫోటోను పోగొట్టే పని మనం పెట్టుకోకూడదు. దాని పేరు ఎవరూ పలకకుండా చేస్తే చాలు.

ఈ మాట పట్టుకుంటే మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి. ఫోటోల కొలతల సంగతే చూడండి. చాలా సైట్లలో ఫోటో అడ్రస్ చివర వెడల్పు ఎంత కావాలంటే అంత రాయొచ్చు. 301, 302, 303, ఒక్కోదానికీ ఒక్కో కాపీ. ఎవరైనా పనిగట్టుకుని అంకెలు మారుస్తూ అడిగితే డిస్క్ నిండిపోతుంది, సర్వర్ మళ్లీ కత్తిరింపుల్లో పడిపోతుంది. నేను మూడే కొలతలు పెట్టాను, 320, 640, 1280. నాలుగోది అడిగితే ఇవ్వం. వెబ్‌పీ, ఏవీఐఎఫ్ లాంటి కొత్త రకం ఫోటో ఫైళ్లకూ అదే మాట. ఒకే అడ్రస్‌లో బ్రౌజర్‌ని బట్టి వేరే వేరే రకం ఇచ్చే పద్ధతి ఉంది, కానీ అక్కడ 'వేరీ' అనే గుర్తు, అంటే జవాబు అడిగేవాళ్లను బట్టి మారుతుందని చెప్పేది, సరిగ్గా పెట్టకపోతే, వెబ్‌పీ తెలియని పాత ఫోన్‌కి వెబ్‌పీ వెళ్లి ఖాళీ డబ్బా కనబడుతుంది. నేనైతే ఒక్కో రకానికి ఒక్కో పేరు పెట్టి, ఏది కావాలో బ్రౌజర్‌నే ఏరుకోమంటాను. మళ్లీ అదే, ఒక పేరుకు ఒకే బొమ్మ.

ఇంకొక్కటి చెప్పాలి. ఇది రంగు గురించి, అంటే ఆ పెద్దాయన గురించి. ఏడాదిపాటు దాచే ఫోటో అయినప్పుడు, దాచేముందు దాన్ని బాగా తయారుచెయ్యాలి కదా? జేపెగ్ చేసేటప్పుడు బరువు తగ్గించడానికి వెలుగునీడల్ని ఉంచి, రంగు వివరాల్ని నాలుగో వంతుకు కుదించడం మామూలు. సముద్రం ఫోటోకి తేడా తెలియదు. ఎర్ర లక్క పక్కన పసుపు గీత ఉన్న బొమ్మకి తెలుస్తుంది, అంచు దగ్గర ఆ ఎరుపు మసకబారి పసుపులోకి కారినట్టు ఉంటుంది. ఇలాంటి వాటికి ఆ కుదింపు ఆపెయ్యండి, బరువు కొంచెం పెరిగినా ఫరవాలేదు. అలాగే కొన్ని ఫోన్లు ఎక్కువ రంగులు పట్టే పద్ధతిలో ఫోటో తీసి, ఆ సంగతి ఫైల్లో ఒక ప్రొఫైల్‌గా రాస్తాయి. మనం ఫోటోను మామూలు పద్ధతికి మార్చకుండా ఆ ప్రొఫైల్ ఒక్కటే తీసేస్తే, రంగులు వెలసిపోయినట్టు కనబడతాయి. ముందు మార్చండి, తర్వాత తీసెయ్యండి. ఫోటోలో జీపీఎస్ గుర్తులు ఉంటే అవి మాత్రం తప్పకుండా తీసెయ్యాలి. ఆ ఫోటోలు బొమ్మలు చేసేవాళ్ల ఇళ్లలో తీసినవి. ఇంటి జాడ ఊరందరికీ ఎందుకు?

దూరం సంగతి అడుగుతారని తెలుసు. కాంతి గాజు తీగలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అమెరికా తూర్పు తీరంలో సర్వర్ ఉంటే, పోయి రావడానికే సెకనులో ఎనిమిదో వంతు పైగా పడుతుంది, అలాంటి రాకపోకలు మూడు అయ్యాకే మొదటి ఫోటో మొదలవుతుంది. అందుకే 1998లో అకమై అనే కంపెనీ పుట్టింది, ఈ కుర్రాళ్లనే ఊరూరా నిలబెట్టడానికి. మీ కొనుగోలుదారులు మన రాష్ట్రం వాళ్లే అయితే సర్వర్ ముంబైలోనో హైదరాబాద్‌లోనో పెట్టుకోండి, చాలావరకు సరిపోతుంది. మన ఊళ్లో పెద్ద డేటా సెంటర్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది, మంచిదే, పిల్లలకు పనులు రావాలి. కానీ ప్రతిసారీ కొత్తగా కత్తిరించే ఫోటో పక్క వీధి నుంచి వచ్చినా ఆలస్యంగానే వస్తుంది.

సరే, ఇప్పుడు చూపిస్తాను. ఆ లైటు కాస్త ఆపండమ్మా. తెర మీద చూడండి. ఇది ఆ పసుపు భరిణె ఫోటో అడ్రస్, చివర ఆ గజిబిజి అక్షరాలే ముద్ర. క్యాష్ ఖాళీ చేసి అడుగుతున్నాను. జవాబులో ఆ ఐదో లైను చదవండి. మిస్. సెకనులో మూడో వంతు పట్టింది. మళ్లీ అడుగుతున్నాను. హిట్. టైమ్ చూశారా? ఆ లైనును మీ సైటులో కూడా జవాబుకు తగిలించండి, లేకపోతే క్యాష్ పనిచేస్తోందో లేదో మీకు తెలియనే తెలియదు.

ఇక మీ సైట్లు చూద్దాం. మూడో బెంచీలో కూర్చున్న అమ్మా, మీది పొందూరు ఖద్దరు చీరల సైటు అన్నారు కదా? అడ్రస్ చెప్పండి, ఇక్కడే టైప్ చేస్తాను. ఏదైనా ఒక చీర ఫోటో ఎంచుకోండి.